ముక్తేశ్వరం అమ్మాయి మీద కథనం

కబడ్డీ ఆడే ఉమామహేశ్వరి ఫోన్ చేసేసరికి ఝాన్సీ ముమ్మిడివరంలో వాళ్ళ వీధి అరుగు మీద కూర్చుని, ఆ మధ్యాహ్నం తను పేపరుకి పంపిన కథనాన్నే ఫోనులో మళ్ళీ చదువుకుంటోంది.

"అక్కా, నాన్న సంగతి రాయలేదు కదా?"

ఝాన్సీ రాసింది. అసలు మొదలుపెట్టిందే దాంతో.

"ఏం ఉమా, రాయకూడదా?"

"అయ్యో అక్కా! బస్సులో ఏదో మాటల్లో చెప్పేను. నాన్న కువైట్‌లో డ్రైవరనే ఊరంతా అనుకుంటున్నారు. అమ్మకీ అదే చెప్పేడు. ఆసుపత్రిలో బాత్రూములు కడుగుతున్నాడని నాకొక్కదానికే తెలుసు. నేను బూట్ల కోసం అలిగి మాట్లాడకపోతే అప్పుడు చెప్పేడు, ఎవరికీ అనొద్దని ఒట్టేయించుకుని. తీయించెయ్యక్కా. నీకు దణ్ణం పెడతాను."

"తీయిస్తాను. నువ్వు కంగారుపడకు," అంది ఝాన్సీ. తీయించగలదో లేదో తనకే తెలియదు.

విలేకరి పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతూ, సెలవు దొరికితే చాలు ఆలమూరో, కొత్తపేటో, రాజోలో, కబడ్డీ పోటీలు ఎక్కడుంటే అక్కడికి బస్సెక్కేది. మైకులో చెప్పే కామెంటరీ వినేది. పేపర్లో ఆటల పేజీ ముందు పెట్టుకుని అదే వార్తని తన మాటల్లో తిరగరాసుకునేది. మొదట్లో గ్రౌండులో కుర్రాళ్ళు "ఎవరి చెల్లెలండీ మీరు?" అని అడిగేవారు. ఏ ఆటగాడి కోసమో వచ్చిందనుకుని. తర్వాత్తర్వాత ఆమె మ్యాచ్‌ల వీడియోలు పెట్టే చానల్ చూసి, వాళ్ళే స్కోరు చెప్పడం మొదలుపెట్టేరు.

ఆ చానల్ చూసి, అమలాపురంలో ఒక దినపత్రిక ఆఫీసు నడిపే కృష్ణమోహన్ గారు పిలిచేరు. "ఆదివారం ఆదివారం జిల్లా పేజీలో ఒక ఆటగాడి మీద కథనం వేద్దామమ్మా. మొదటిది రాసి పంపు. బావుంటే ఇంక నీదే. కాస్త కన్నీళ్ళుండేలా చూడు. ఉత్త స్కోర్లు ఎవరు చదువుతారు?"

కన్నీళ్ళ కోసం వెతికితే బస్సులో ఉమ చెప్పిన మాట దొరికింది.

ఇప్పుడు ఆయన ఫోనెత్తడం లేదు. ఝాన్సీ చెప్పులేసుకుని అమలాపురం బస్సెక్కేసింది. కొబ్బరికాయల లారీ ఒకటి ముందు చేరి దారివ్వలేదు. కండక్టరు చిల్లర అడిగితే ఆమెకి వినబడలేదు. అచ్చుకి పేజీ ఎన్నింటికి కడతారో, కట్టాక మారుస్తారో లేదో కూడా తనకి తెలియదు. ఇన్నాళ్ళూ పేపరుకి ఎలా రాయాలో చూసింది గానీ, రాసింది ఎలా ఆపాలో చూడలేదు.

కృష్ణమోహన్ గారు ఆమె చెప్పింది విని కళ్ళజోడు తీసేరు.

"ఆ ముక్క తీసేస్తే కథనంలో ఏముంటుందమ్మా? అయినా అది పేజీలు కట్టే డెస్కుకి వెళ్ళిపోయింది."

"ఏమీ లేకపోతే మొత్తం తీసేయండి. నా పేరూ వద్దు. ఆదివారాలు ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

ఆయన ఆమె ముఖం చూసి, డెస్కుకి ఫోన్ చేసేరు. కాసేపు బతిమాలేరు. "ఆ ఖాళీకి సరిపడా ఇప్పుడే రాసిస్తే మారుస్తారట. రాస్తావా?"

"ఆయ్, రాస్తానండి."

అప్పుడు గానీ తెలియలేదు, కబడ్డీ అమ్మాయి గురించి రాసినదాంట్లో తను కబడ్డీ అనే మాట రెండుసార్లకి మించి వాడలేదని. ఆలమూరు సెమీఫైనల్ గుర్తు తెచ్చుకుంది. ఉమ చివరి కూతకి వెళ్ళడం, ముగ్గురు చుట్టుముట్టడం, పడిపోయి కూడా కూత ఆపకుండా వేలికొసలతో గీత అందుకోవడం. ఆగకుండా రాసేసింది. ఆయన చదివి "ఏడుపు లేదు గానీ ఫరవాలేదు" అని పంపించేరు.

ఝాన్సీ ఊపిరి పీల్చుకోబోతూ ఆగింది. "నెట్‌లో ఏమైనా పెట్టేరా అండీ?"

ఆయన నాలుక కరుచుకున్నారు. మధ్యాహ్నమే పెట్టేరట. అదీ అప్పటికప్పుడు తీయించేరు. కానీ ఆమె మెట్లు దిగుతూండగానే ఉమ దగ్గర్నుంచి ఒక ఫోటో వచ్చింది. పాత కథనం, ముక్తేశ్వరం వాట్సాప్ గ్రూపులో. కింద ఒక్క మాట కూడా లేదు.

మర్నాడు పేపర్లో ఝాన్సీ పేరు అచ్చయింది. ఆమె పేపరు తెరవకుండానే ముక్తేశ్వరం వెళ్ళింది.

ఉమ వాళ్ళమ్మ కనకమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది, ఒళ్ళో ఫోను. లోపల గది తలుపు వేసి ఉంది.

"ఝాన్సీ గారా?"

"ఆయ్, నేనేనండి. అడక్కుండా రాసేసేను. తప్పయిపోయిందండి."

కనకమ్మ తిట్టలేదు. పక్కకి జరిగి చోటిచ్చింది.

"వీడియోకాల్లో చేతులు కిందకి దించేసుకునేవారండి. ఓసారి కనబడ్డాయి. వేళ్ళ సందులన్నీ ఒలిచేసినట్టున్నాయి. బండి ఆయిలు పడలేదన్నారు. నమ్మేసేను. ఆ పని చేస్తున్నారని నాకేం నామోషీ లేదండి. రాత్రి నుంచీ ఫోనెత్తట్లేదు. అదండి నా భయం. ఎవరో పంపేసుంటారు. చదివేసుంటారు. ఒక్కరూ అక్కడ ఏం చేసుకుంటారో ఏంటో."

ఝాన్సీ అంతవరకూ ఉమ కోపం గురించే భయపడింది.

వెళ్ళిపోవడానికి ధైర్యం చాలక అక్కడే కూర్చుంది. కనకమ్మ మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసింది. ఎండ గుమ్మం దాకా వచ్చింది.

ఫోను మోగినప్పుడు కనకమ్మ చేతిలోంచి అది జారిపోబోయింది. తెర మీద ఉమ వాళ్ళ నాన్న సాయిబాబు, తల వంచుకుని. డ్యూటీలో ఫోన్ లాకర్లో పెట్టించుకుంటారని ఏదో చెప్పబోయేడు.

"అదంతా తర్వాత," అంది కనకమ్మ. "ముందు చేతులు చూపించండి."

మెల్లగా రెండు అరచేతులూ పైకి లేచాయి. లోపల గడియ తీసిన చప్పుడైంది. ఉమ వచ్చి తల్లి భుజం మీంచి చూసింది. ఝాన్సీ నిశ్శబ్దంగా లేచి వీధిలోకి వచ్చేసింది.

సాయిబాబు తిరిగి రాలేదు, అగ్రిమెంటు అయ్యేదాకా అక్కడే ఉంటానన్నాడట. ఆదివారం కథనాలు ఝాన్సీకే ఇచ్చేరు. ఇప్పుడు ఎవరి గురించి రాసినా, పంపేముందు ఆ ఇంటివాళ్ళకి చదివి వినిపిస్తుంది. అయినా పేపరు వచ్చేదాకా నిద్ర పట్టదు.

రాజోలు పోటీల్లో ఉమ జట్టు గెలిచింది. ఝాన్సీ జంకుతూనే దగ్గరికి వెళ్ళింది.

"మ్యాచ్ గురించయితే చెప్తానండి," అంది ఉమ.

ఆ 'అండి' గుచ్చుకుంది. ఝాన్సీ తలూపి, రెండో సగంలో అంత వెనకబడి ఎలా పుంజుకున్నారని అడిగింది. ఉమ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది.