పదిహేడు మచ్చు ముక్కలు

నూజివీడు మామిడి యార్డులో వ్యాపారి వీరభద్రరావు గారి నాలుకకున్న పేరు అంతా ఇంతా కాదు. రైతు తన లోడుతో పాటు గడ్డిలో మాగేసిన బంగినపల్లి ఒకటి తెచ్చి, కోసి, మొదటి ముక్క ఆయన చేతిలో పెట్టాలి. ఆయన కళ్ళు మూసుకుని నమిలి చూశాకే బేరం. దాన్ని మచ్చు అంటారు. మచ్చు వద్దంటే ఆ తోటనే వద్దన్నట్టు. రైతు మారుమాట్లాడకుండా బండి తిప్పేస్తాడు.

అలాంటి మనిషికి కిడ్నీలు పోయాయి. బీపీ ఉందని తెలిసీ పట్టించుకోలేదు. మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళలు పదేళ్ళు మింగారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. నీళ్ళు కొలుచుకుని తాగాలి. మామిడిపండు ముట్టకూడదు. భార్య కల్యాణికీ, డయాలసిస్ సెంటర్లో నర్సు గ్లోరీకీ తప్ప ఎవరికీ ఈ సంగతి తెలియనివ్వలేదు. హనుమాన్ జంక్షన్‌లో పనుందని చెప్పి వెళ్ళేవారు. ఎడమచేతి మీద సూదులు గుచ్చే చోట ఉబ్బిన నరం కనబడకుండా మే నెల ఎండలోనూ ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసేవారు. రుచి చూడలేని వ్యాపారి దగ్గరికి రైతు ఎందుకొస్తాడని ఆయన భయం. రోగం దాచుకోవడంలో మనకున్న తెలివి, అది రాకుండా చూసుకోవడంలో ఉంటే ఎంత బాగుండేది!

ముక్క నమిలి, ఎవరూ చూడకుండా తువ్వాల్లోకి ఉమ్మేస్తూ కొన్నాళ్ళు నెట్టుకొచ్చారు. ఆ సోమవారం మాత్రం పదిహేడు లోడ్లు వచ్చాయి. రైతులు చుట్టూ నిలబడి మొహంలోకే చూస్తుంటే ఉమ్మడం కుదర్లేదు. పదిహేడు ముక్కలూ మింగేశారు. నిజం చెప్పొద్దూ, ఆఖరి రెండూ ఇష్టంగానే మింగారు.

మధ్యాహ్నానికి కాళ్ళు దూదిలా అయిపోయాయి. కుర్చీలోంచి లేవబోయి కింద పడ్డారు. పక్కనే ఉన్న రెడ్డిగూడెం రైతు చిన్నరాయప్ప ఆయన్ని ఆటోలో వేసుకుని, ఆయన గొణిగిన అడ్రసు పట్టుకుని డయాలసిస్ సెంటర్‌కి చేర్చాడు.

"ఏం తిన్నారు బాబాయ్ గారూ?" అంది గ్లోరీ, మిషను సిద్ధం చేస్తూనే.

"మచ్చు..."

"ఎన్ని ముక్కలు?"

చెప్పారు. గ్లోరీకి కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. "మామిడిలో పొటాషియం ఎక్కువండీ. మీ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేది?"

చిన్నరాయప్ప గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. ఆ పదిహేడులో ఒక ముక్క అతను పెట్టిందే.

ఇక తన బల్ల దగ్గరికి ఎవరూ రారనుకుంటూనే వీరభద్రరావు గురువారం యార్డుకి వెళ్ళారు. చిన్నరాయప్ప అప్పటికే లోడుతో కాచుకుని ఉన్నాడు. వెనక మిగతా రైతులున్నారు. అతను పండు కోశాడు. ముక్క ఆయన ముక్కు దగ్గర పెట్టి వాసన చూపించి, తన నోట్లోనే వేసుకున్నాడు.

"తీపి చాల్లేదండి," అన్నాడు నిదానంగా నమిలి. "తొందరపడి కోయించాను. ఇంకో వారం చెట్టున ఉండాల్సిన కాయ."

ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో తన కాయకి తనే వంక పెట్టిన రైతుని ఆయన చూడలేదు.

"ఇదేంటి రాయప్పా?"

"ఇకనుంచి మీ మచ్చు మేం తింటామండీ. ఉన్నదున్నట్టు చెప్తాం. అందరం అనుకున్నాం."

ఎంత పెద్ద మనసులు! ఆ మనసుల దగ్గరా ఇన్నాళ్ళు తను రోగం దాచుకున్నది? వీరభద్రరావు చొక్కా చెయ్యి గుండీ విప్పి పైకి మడిచారు. చిన్నరాయప్ప వేళ్ళు పట్టుకుని ఆ ఉబ్బిన నరం మీద పెట్టారు. లోపల రక్తం జుమ్మని పరుగెత్తడం అతనికి తెలిసింది.

"నీకూ మోకాళ్ళ నొప్పులు కదూ? బిళ్ళలు ఎన్నాళ్ళనుంచి మింగుతున్నావు?"

"ఆరేళ్ళండీ."

"నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆదివారం గ్లోరీని ఇక్కడికి రమ్మంటాను. అందరికీ బీపీ చూసి, కిడ్నీల పరీక్షకి రక్తం తీసుకెళ్తుంది. ముందు నువ్వే నిలబడాలి. డాక్టర్ని అడక్కుండా ఇంక ఒక్క బిళ్ళ కూడా మింగొద్దు."

చిన్నరాయప్ప జేబులోంచి బిళ్ళల షీటు తీసి, కోసిన పండు పక్కన పెట్టాడు. వెనక నిలబడ్డ రైతుల్లో ఇద్దరు తమ జేబులు తడుముకున్నారు.