బర్రె మూతి ఎటుంటే అటు

ముప్పై ఏళ్లపాటు జహీరాబాద్‌లో సగం దుకాణాల బోర్డులు నా చేతి రాతే. ఇప్పుడు వాటి మీద ఫ్లెక్సీలు వేలాడుతున్నాయి. వాటిలో నవ్వే మొహాల వెనుక నా అక్షరాలు ఊపిరాడక చచ్చాయి. ఆఖరికి మా మేనల్లుడు రాకేశ్ కూడా ఫ్లెక్సీ దుకాణమే పెట్టాడు.

"మామా, వచ్చే నెల మొదటి సోమవారం కెల్లి వచ్చి ఫ్రేములకు మేకులు కొట్టు. ఊకె కూసుంటే ఏమొస్తది?" అన్నాడు. సరేనన్నాను. ఆ పూట అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే భాగీరథి వచ్చింది. ఝరాసంగం దగ్గరి పల్లెలో అంగన్వాడీ టీచరు. పిల్లలకు చేత్తో వేసిన బొమ్మల కథ పుస్తకం కావాలంది. కథ వాళ్ల అత్త దేవమ్మ చెప్పేదే. ఒకప్పుడు ఆమె పెంచిన దొంగ బర్రె చేసిన ఆగడాలు, పేజీకొకటి.

"ఇది కుదిరితే చుట్టుపక్కల టీచర్లందరు నీతోనే ఏపిస్తమంటున్నరు, శరణప్పన్నా. కని ముందు మా అత్త చూసి సరే అనాలె. కథ ఆమెది."

"అనకపోతే?"

"అనకపోతే బుక్కు లేదు."

అంటే ఆ ముసలమ్మ ఒక్క మాట మీద తేలాలి, నా చేతిలో కుంచె ఉంటుందో సుత్తి ఉంటుందో.

కాగితం మీద వేసే నీళ్ల రంగు నాకు కొత్త. బోర్డులకు వేసే ఎనామిల్ మంచిది, తప్పు చేస్తే ఇంకో పూత వేసి కప్పేయొచ్చు. నీళ్ల రంగులో చేసిన తప్పు అక్కడే ఉండిపోతుంది, మా ఆవిడకు నా తప్పులు గుర్తున్నట్టు. తెలుపు కావాలంటే రంగు వేయకుండా కాగితాన్నే వదిలేయాలి. నల్ల బర్రె వీపు మీద మెరుపు వదలడం నేర్చుకునేసరికి నాలుగు కాగితాలు పాడయ్యాయి. అయిదోదాని మీద మాత్రం చెరువులోంచి లేచిన బర్రె తడితడిగా మెరిసింది. నాకు తెలియకుండానే ఈల వేశాను. మా ఆవిడ సుగుణమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "పానం మంచిగున్నదా?" అంది.

పన్నెండు పేజీలు. పేజీకి ఆరు బొమ్మల గళ్లు, పైన మూడు, కింద మూడు. రాకేశ్ చెప్పిన సోమవారానికి ముందురోజు, ఆదివారం పొద్దున అట్టల మధ్య పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాను.

దేవమ్మ అరుగు మీద కందులు చెరుగుతోంది. చేట పక్కన పెట్టి మొదటి పేజీ అందుకుంది.

"మంచిగేసినవ్ బిడ్డా. కని ఈ ఆర్గురు ఆడోళ్లెవరు? అందరు ఒక్క తీరు చీరలే కట్టిన్రు."

"ఆర్గురూ నువ్వే అవ్వా. ఒకటైనంక ఒకటి చూస్తపో."

"అట్లనా!" అని వేలు పెట్టి చూడసాగింది. పై వరుస బాగానే నడిచింది. బర్రె తాడు తెంపుకుంది, ఉరికింది, ఆమె కట్టె పట్టుకుని వెంటపడింది. మూడో గడి అవగానే ఆమె వేలు అక్కడినుంచే కిందికి దిగి, కుడి నుంచి ఎడమకు వెనుదిరిగింది. మొహం చిట్లించింది.

"ఓ శరణప్పా! బర్రెను ఇంటికి తోలుకొచ్చినంక, మొగుడంపల్లి హోటల్ కాడికి పోయి 'బర్రెను చూసిన్రా' అని అడుగుతనా? నేనేమన్న పిచ్చిదాన్నా?"

భాగీరథి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "అత్తా, కింది వరుస మళ్ల ఎడమ దిక్కు కెల్లి చూడాలె."

"ఎందుకు? దున్నుకుంట గట్టు దాక పోయినంక ఎడ్లను ఆడ్నే మలుపుతరా, ఉత్తగ మళ్ల మొదటికి తోలుకొస్తరా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. చదువురాని ముసల్దానా అని నాలుక చివరిదాకా వచ్చింది. అయిదో తరగతిలో ఎక్కం తప్పు చెప్పానని సారు నన్ను బెంచీ ఎక్కించి క్లాసంతా నవ్వించాడు. మర్నాటి నుంచి నేను బడి మొహం చూడలేదు. ఇప్పుడు ఆ సారు ఎగతాళే నా నోట్లో ఉంది. మింగేశాను.

"కత్తెర తెస్తవా భాగీరథీ?"

కింది మూడు గళ్లూ కత్తిరించి, వరస తిరగేసి అన్నం మెతుకులతో అంటించాను. దేవమ్మ మళ్లీ చూసింది. ఈసారి కడుపు పట్టుకుని నవ్వింది.

"ఇప్పుడు బర్రె ఎనకకు నడుస్తున్నది కదరా!"

నిజమే. దారి ఎడమకు, బర్రె మూతి కుడికి. నాకూ నవ్వాగలేదు. నీళ్ల రంగు కప్పడానికి రాదు, మళ్లీ వేయాల్సిందే. పన్నెండు పేజీలూ ఇంటికి తెచ్చుకుని కొత్త కాగితాలు పరిచాను.

సోమవారం రాకేశ్ ఫోన్ చేశాడు. "మామా, ఏడున్నవ్? మేకులు ఎదురుచూస్తున్నయ్."

"చూడనియ్. నాకు బర్రెలను మలిపే పనున్నది."

పై వరుసలో బర్రె కుడికి, కింది వరుసలో ఎడమకు. మలుపు దగ్గర మూతి కిందికి. రెండు వారాలు పట్టింది.

పిల్లలు తికమకపడతారని భాగీరథి భయపడింది. అంగన్వాడీలో చాప మీద పుస్తకం పెట్టామో లేదో, ఒక పిల్ల బర్రె మూతి మీద వేలు పెట్టింది. మూతి ఎటుంటే వేలు అటు పోయింది. బొమ్మలోని అవ్వ హోటల్ దగ్గర అడిగింది, బర్రె దొరికింది, ఇల్లు చేరింది. ఎటు చూడాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

"రాయికోడ్ టీచరుకు ఫోన్ చేస్త. ఆమె దగ్గర కోడిపుంజు కథున్నదంట," అంది భాగీరథి.

"ఆగు, మీ అత్త సరే అనలేదింకా," అన్నాను.

పిల్లల పక్కనే కూర్చున్న దేవమ్మ పుస్తకాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పి చూసింది.

"అంత సరే గని, నా ముక్కు జర లావేసినవ్."

"నీళ్ల రంగవ్వా, కప్పనీకి రాదు."

ముక్కు తడుముకుని చూసుకుంది.

"ఉండనియ్ తియ్. లావే ఉన్నది."