వెలుతురు తగిలిన డిష్‌లు

నా రాతలో తప్పులు దొర్లితే మన్నించండి. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి, చెయ్యి ఇంకా మెల్లగానే నడుస్తుంది. కథను మాత్రం ఆపను.

ఒకే ఇంటి తోడికోడళ్లు ఇద్దరు ఒకే ల్యాబులో పనిచేసేవారు. పెద్దామె ముందు చేరింది. చిన్నామెను తీసుకొచ్చి చేర్పించిందీ ఆమే. "మా చెల్లెలనుకోండి సార్" అని ప్రొఫెసరుకు చెప్పింది కూడా. ఇద్దరివీ టెంపరరీ ఉద్యోగాలే. పర్మనెంటుది ఒక్కటే ఖాళీ అయ్యేసరికి ఆ చెల్లెలు ఆమె కంట్లో నలుసైంది.

చిన్నామె పని ఈస్టు కణాల మీద. కణంలో డీఎన్‌ఏ పోగు ప్రోటీను ఉండలకు బిగించి చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టనే క్రోమాటిన్ అంటారు. పోగుకు దెబ్బ తగిలితే, మరమ్మతు చేసేవి లోపలికి దూరడానికి ముందు చుట్ట వదులు కావాలి. దాన్ని వదులు చేసేది ఇదేనంటూ చిన్నామె ఒక ప్రోటీనును పట్టుకుంది. ఆమె మాట నిజమైతే, అది తీసేసిన కణాలకు అతినీలలోహిత దీపంతో దెబ్బ కొట్టినప్పుడు అవి చావాలి. చస్తే ఉద్యోగం చిన్నామెది. బతికితే ఆమె ఇంటికి. ప్రొఫెసరు అలా తేల్చేశాడు.

ఇందులో ఒక మెలిక ఉంది. దెబ్బతిన్న ఈస్టుకు మామూలు వెలుతురు తగిలిందంటే, ఆ వెలుతురు సాయంతోనే గాయం మాన్చుకుంటుంది. అందుకని ఆ సాయం అందని పసుపు లైటు కింద పనిచేసి, కణాలు పెంచే గాజు డిష్‌లకు వెలుతురు చొరని రేకు చుట్టి, చీకట్లో పెంచుతారు.

చిన్నామె అలాగే చేసి భోజనానికి లేచింది.

"రా అక్కా, ఆకలి దంచేస్తోంది."

"నువ్వు పద, చేతులు కడుక్కుని వస్తా."

పెద్దామె తలుపు గడియ పెట్టింది. రేకులు విప్పి, డిష్‌లన్నీ బల్లమీద పరిచి, తెల్ల ట్యూబులైట్లు వేసింది. తర్వాత ఫోను తీసింది.

"నాకిక్కడ పని తగిలిందే. నువ్వు తినేసెయ్. నా డబ్బాలో కూర కూడా నువ్వే వేసుకో."

చాలాసేపు డిష్‌ల ముందే కూర్చుంది. "బతకండర్రా, బతకండి" అని వాటికి మెల్లగా చెప్పింది. మళ్లీ రేకులు చుట్టి ఎక్కడివక్కడ పెట్టేసింది.

రోజులు గడిచి, అందరి ముందు డిష్‌లు తెరిచారు. తెల్లటి చుక్కలు చుక్కలుగా కణాలు కిక్కిరిసి పెరిగాయి. చిన్నామె డిష్‌లన్నీ ఒక్కొక్కటే చూసింది. ఒక డిష్ అందుకుని గట్టిగా అంది:

"సార్, ఇది చూడండి! చీకట్లో మరమ్మతు బొత్తిగా రాని రకం ఇది, పోల్చుకోడానికి పెట్టాను. ఇదీ బతికింది! వెలుతురు తగిలింది సార్, ఎవరో రేకు విప్పారు."

పెద్దామె తలెత్తి చూసింది. ఆ డిష్ సంగతే తను మర్చిపోయింది.

"ఎవరు విప్పుతారమ్మా, దెయ్యమా?" అన్నాడు ప్రొఫెసరు.

పెద్దామె నవ్వు తెచ్చుకుంది. "మా చెల్లే రేకు సరిగ్గా చుట్టి ఉండదులెండి సార్. ఇంట్లో పాలగిన్నె మీద మూత పెట్టడం కూడా చేతకాదు దీనికి. వీధిలో పిల్లులన్నీ మా ఇంటి పాలతోనే బలిశాయి."

అందరూ గొల్లున నవ్వారు.

"అజాగ్రత్త మనుషులు నాకు పనికిరారు" అన్నాడు ప్రొఫెసరు, పెద్దామె వైపు తిరిగి. "ఈ ప్రయోగం నువ్వు మళ్లీ చెయ్యమ్మా."

పెద్దామె చీకట్లో, ఎంతో శ్రద్ధగా చేసింది. ప్రోటీను తీసేసిన కణాలు చిన్నామె చెప్పినట్టే చచ్చాయి. ఉద్యోగమూ పెద్దామెకే వచ్చింది, ప్రోటీను కనిపెట్టిన పేరూ ఆమెకే వచ్చింది.

చిన్నామె సొరుగు ఖాళీ చేసుకుంటూ అడిగింది. "కూర తినమని ఫోను చేశావే అక్కా, అప్పుడేనా?"

"అప్పుడే."

"మా ఆయనకి చెప్తాను."

"చెప్పు. ముందు నన్నే అడుగుతాడు. నేను ఏడుస్తాను. నాకు ఏడవడం బాగా వచ్చు."

చిన్నామె సొరుగు మూసింది. తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి వెళ్లిపోయింది. పెద్దామె ఆ కోటు తీసి మాసిన బట్టల బుట్టలో పడేసి, కుర్చీ తన బల్ల దగ్గరికి లాక్కుంది.

ఇట్లు, ఇది రాసిన తాయారమ్మ, డెబ్బై ఒకటో ఏడు. ఇప్పుడు ఉంటున్నది పెద్దకూతురింట్లో, వెనకవైపు గదిలో.