రేడియో ఆగలేదు

ఆయన కాప్స్ లాక్ మీట నొక్కాడు. కీబోర్డు మూల చిన్న దీపం వెలిగింది. మళ్ళీ నొక్కితే ఆరింది.

"బతికే ఉంది," అన్నాడు నల్లటి తెరను చూస్తూ. "మొహం చూపించడం లేదంతే."

రేడియో స్టేషన్లో కార్యక్రమాలన్నీ ప్రసారానికి పంపే కంప్యూటరది. పొద్దున్నే అప్‌డేట్లు వేసుకుని తనంతట తానే ఆగి మళ్ళీ లేచింది. పాటలు ప్రసారమవుతూనే ఉన్నాయి. తెర మీద మాత్రం ఒక్క అక్షరం లేదు. బొమ్మలూ కిటికీలూ లేని యంత్రం, అక్షరాలతోనే దాని పని. అవి కనబడకపోతే కొత్త ప్రకటనలు ఎక్కించలేరు. బయట నది పొంగుతోంది. పల్లపు వీధులవాళ్ళు ఎటు వెళ్ళాలో గంటగంటకూ చెప్పాల్సింది ఈ స్టేషనే.

"కరెంటు తీసి పెడదామా?" అంది కొత్తగా చేరిన ఇంజనీరు.

"నిదానం తల్లీ."

అందరూ ఆయన్ని నిదానంగారనే అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు. ఆయన ఆ పేరుకే పలకడం మొదలుపెట్టాక ఎదురుగానే అనేస్తున్నారు. టేపులు కత్తిరించి అతికించే పనిలో చేరి, టేపులు పోయాక, నలభై దాటిన వయసులో లినక్స్ నేర్చుకున్నాడు. సన్నటి మనిషి. మెడ ముందుకి వంగి ఉంటుంది. బొటనవేలి మీద పాత బ్లేడు గాట్లు. ఇన్నేళ్ళలో ఆయన గొంతు ఒక్కసారీ రేడియోలో వినబడలేదు.

అదే తెర మీద వేరే పుటల్లాంటి కన్సోళ్ళకి మారే మీటలు నొక్కి చూశాడు. అక్కడా చీకటే. పక్క బల్ల మీది కంప్యూటర్లోంచి నెట్‌వర్కు ద్వారా లోపలికి వెళ్ళి, యంత్రం తన పనులు రాసుకునే లాగ్ తెరిచాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చదివారు.

"తెరని నడిపే గ్రాఫిక్స్ కార్డుకి రెండు డ్రైవరు ప్రోగ్రాములు," అంది ఇంజనీరు. "మనకి ముందునించీ ఉన్నదొకటి. అప్‌డేట్‌తో వచ్చిన కంపెనీది ఇంకోటి."

"ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటున్నాయి. వచ్చినదాన్నే పంపేద్దాం."

కొత్త డ్రైవరు తీసేశాడు. ఇక యంత్రాన్ని ఆపి లేపాలి, ఆ కాసేపూ పాటలుండవు. ఆయన స్టూడియో తలుపు తీశాడు. ఎనౌన్సరు ఆయన ఈడుది, ఇద్దరూ ఒకేసారి ఉద్యోగంలో చేరారు.

"కాసేపు నువ్వే మాట్లాడాలమ్మా. నీ వెనక యంత్రం ఉండదు."

"మాట్లాడ్డమేగా నా పని. కానియ్యి."

ఆవిడ మైకు ముందు వరద వార్త అందుకుంది. యంత్రం ఆగి లేచింది. తెర మాత్రం నల్లగానే ఉంది. అద్దం అవతల ఆవిడ చేతిలోని కాగితం అయిపోయింది. ఆయన వేలు గుండ్రంగా తిప్పాడు, ఇంకా ఉందన్నట్టు. ఆవిడ తొణక్కుండా, ఏ వంతెన మూసేశారో, ఏ బడి పైఅంతస్తులో చోటుందో, మంచం పట్టినవాళ్ళని ఎలా ఎత్తుకోవాలో చెప్పుకుంటూ పోయింది.

"యంత్రం లేచేటప్పుడు చదివే బూట్ ఫైలు మళ్ళీ తయారుచెయ్యలేదు కదండీ," అంది ఇంజనీరు. "అందులో మనం తీసేసిన డ్రైవరింకా ఉంటుంది."

"అవును సుమా. నా తొందర. నువ్వే చెయ్యి."

ఆ అమ్మాయి చేసి, యంత్రాన్ని మళ్ళీ ఆపి లేపింది. ఈసారి తెర మీద తెల్లటి అక్షరాలు బిలబిలా కిందికి పరుగెత్తాయి. ఆయన అద్దం మీద వేలితో తట్టాడు. ఆవిడ మాట ముగించగానే పాట అందుకుంది.

వినేవాళ్ళెవరూ ఏమీ గమనించలేదు. ఆయనకి కావలసిందీ అదే.

భోజనం చేసి, అలవాటుగా రికార్డుల గదిలో బెంచీ మీద నడుం వాల్చాడు. టీ వేళకి పిలవడానికి వెళ్ళిన ఇంజనీరు చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయింది. నిద్రలోనే పోయాడన్నాడు డాక్టరు.

ఇంటికి ఫోన్ చేసింది ఎనౌన్సరు. అవతల వంటింట్లోంచి తమ స్టేషను పాటే వినబడుతోంది.

"అదేమిటి వదినా," అంది ఆయన భార్య మెల్లగా. "రేడియో ఆగలేదుగా. పనిలోనే ఉన్నారనుకున్నాను."

సాయంత్రం వరద వార్త వేళకి అందింది. యంత్రాల గదిలో కుర్చీకి ఆయన స్వెట్టరు వేలాడుతోంది. మోచేతుల దగ్గర వేరే రంగు ఊలుతో రఫ్ఫు చేసి ఉంది. ఏసీ గాలికి దాని ఒక చెయ్యి ఉండుండి కదులుతోంది.