శనగగింజంత మందు

నేను ఒక కల్వాన్ని. నన్ను చూడనివాళ్ళే ఎక్కువ కాబట్టి ముందే చెబుతాను: పడవలాగ మూరెడు పొడవున తొలిచిన నల్లరాయిని. నా కడుపులో రాతి గుండు ఒకటి అటూ ఇటూ దొర్లుతుంటే వేళ్ళూ ఆకులూ గింజలూ నలిగి మందులవుతాయి. మందు నూరుతున్నారంటే ఎవరో బాధపడుతున్నారనే అర్థం. అందుకే నవ్వుతూ నా దగ్గరికి వచ్చిన మనుషులు తక్కువ.

నన్ను చెక్కినవాడు తవిటయ్య. శివలింగం కింద పానవట్టం చేద్దామని మొదలుపెట్టాడు. సగం పని అయ్యాక నా ఒంట్లో తెల్లటి జీర బయటపడింది. "ఎహె, మొక్కడానికి పనికిరాదు, నూరుకోడానికి పనికొస్తాది" అని విసుక్కుని, సాలూరులో జంగం వైద్యుడు వీరభద్రయ్యకి ఒక బస్తా చోళ్ళకి, అంటే రాగులకి, ఇచ్చేశాడు. అలా దేవుడి దగ్గర ఉండవలసిన నేను రోగుల మధ్యకి వచ్చాను.

వీరభద్రయ్య భక్తుడు. ఒక శివరాత్రికి బైరాగులు వచ్చి, గంజాయి ఆకు నూరిపెట్టమంటే కాదనలేకపోయాడు. వాళ్ళు ఇచ్చిన చెంబుడు భంగు ప్రసాదమనుకుని తాగేశాడు. ఇక ఆ పగలంతా గుమ్మం పక్కన స్తంభంతోనే మాట్లాడాడు. "బావగారూ, అలా నిలబడిపోయారేటి? కూకోండి" అని బతిమాలాడు. భార్య వచ్చి నెత్తిమీద బిందెడు నీళ్ళు కుమ్మరించింది. వీధంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ మధ్యాహ్నమే కొండ దిగువ ఊరినుంచి ఒక మనిషి మూర్ఛ వచ్చిన పిల్లని భుజాన వేసుకుని వచ్చాడు. చాలాసేపు నిలబడి చూసి, స్తంభంతో మాట్లాడుతున్న వైద్యుడికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఏమయిందో నాకు తెలియదు. ఆ ఇంట్లో ఎవరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు వీరభద్రయ్య ఒక నియమం పెట్టుకున్నాడు. ఆకుని గుడ్డలో మూటకట్టి, పచ్చనీరు పోయేదాకా ఏడు నీళ్ళలో పిసికి, నీడన ఆరబెట్టి, ఆవునేతిలో వేయించి, పంచాక్షరి జపిస్తూ నూరాలి. అది శుద్ధి. శుద్ధి కాని ఆకు ఇంటి గడప దాటకూడదు. నూరినది మందుగా తప్ప ఎవరి నోటా పడకూడదు. మోతాదు శనగగింజంత. ఈ నియమం కొడుక్కీ, ఆ తర్వాత మనవడు బసవలింగానికీ వచ్చింది. సర్కారు వారి లైసెన్సు కాగితం బసవలింగం కాలంలో వచ్చింది. దాన్ని ఆయన దేవుడి పటాల పక్కన అద్దం కట్టించి పెట్టుకున్నాడు.

మనుషులు ఆ ఆకుకి పెట్టిన పేర్లు తలచుకుంటే నాకు వింతగా ఉంటుంది. వైద్యుల పుస్తకంలో విజయ. పోలీసుల కాగితంలో గంజాయి. కుర్రాళ్ళ నోట సరుకు. నా కడుపులో పడినప్పుడు మాత్రం దానికి ఒకటే వాసన.

బసవలింగం తల్లి సర్వమంగళమ్మ. మా వైపు ముసలమ్మల్లాగే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. డెబ్బయ్యో ఏట అంగిట్లో పుండు లేచింది. విశాఖపట్నం తీసుకువెళ్తే, ఆలస్యమయిపోయింది, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆవిడ గంజి మింగలేకపోయేది. నొప్పికి గోడని గోళ్ళతో గీకేది. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

బసవలింగం ఆ ఆకుతో లేహ్యం చేశాడు. నూరుతున్నంతసేపూ ఆయన కన్నీళ్ళు నా అంచున పడుతూనే ఉన్నాయి. మూడో రోజుకి ముసలమ్మ గంజి అడిగింది. వారం తిరిగేసరికి కోడలు గౌరమ్మని ఆటపట్టించడం మొదలుపెట్టింది.

"నొప్పి పోయిందా అమ్మా?" అని అడిగాడు కొడుకు.

"ఎక్కడికి పోతాదిరా బసవా? ఉంది. కానీ పక్కింట్లో ఉన్నట్టుంది. దాని ఏడుపు అది ఏడుస్తంది, నా గంజి నేను తాగుతన్నాను."

నాలుగు నెలలు అలా బతికి, ఒక ఉదయం కోడలి ఒడిలో తలపెట్టుకుని శాంతంగా పోయింది. ఆ నాలుగు నెలలూ ఆవిడకి చాకిరీ చేసింది గౌరమ్మే. ఒకసారి ఆమె భర్తని అడగడం విన్నాను.

"ఇది గంజాయే కదండీ?"

"శుద్ధి చేసీసేక అది గంజాయి కాదే. మందు."

ఆమె ఆ మందుని కళ్ళకద్దుకుంది. ఆ మాటలో అబద్ధం ఉందని బసవలింగానికి తెలియదు. నూరిన నాకు మాత్రం తెలుసు, వాసన మారలేదని. రాయికి నోరు లేదు కదా.

వాళ్ళకి ఒక్కడే కొడుకు, ఉమాపతి. విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. రెండో ఏడు సగంలో ఇంటికి వచ్చినవాడు అదోలా ఉన్నాడు. ఎండలో కూర్చుని గోడవైపు తిరిగి నవ్వేవాడు. రేడియోలో తన పేరు చెబుతున్నారనేవాడు. బట్టల సంచీలో పొట్లం దొరికింది.

బసవలింగం దాన్ని నా పక్కనే అరుగు మీద పెట్టి అడిగాడు. "ఏటిరా ఇది?"

"నీకు తెలీదేటి నాన్నా? నువ్వు నూరుతావు, నేను కాలుస్తాను. అంతే."

"నేను రోగులకి ఇస్తానురా."

"నానమ్మకి పెడితే మందు, నేను కాలిస్తే విషమా? శివుడు తాగలేదేటి?"

బసవలింగం అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నానమ్మకి ముందు చావు తప్ప ఏటీ లేదు. నీకు బతుకుందిరా. శివుడు తాగితే తాగేడు, ఆయనకి ఏడవడానికి అమ్మ లేదురా నాయనా."

గుమ్మంలో గౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఉమాపతి తల్లిని చూసి తలదించుకున్నాడు. ఆ రోజే పొట్లం పొయ్యిలో పడేశాడు. ఆ తర్వాత మళ్ళీ కాల్చలేదు. ఈ మాట నేను గట్టిగా చెప్పగలను. ఆ గుంటడు మాట తప్పలేదు.

విశాఖపట్నంలో మనసు వైద్యం చేసే డాక్టరు మాత్రలు రాశాడు. "కొందరు ఏళ్ళ తరబడి తాగినా తిరుగుతూనే ఉంటారు. మీవాడిలాంటి మెదడుకి మాత్రం అది నిప్పు. ఇక పిసరు కూడా తగలకూడదు" అన్నాడట. బసవలింగం ఇంటికొచ్చి భార్యకి అదే మాట చెప్పాడు. ఆమె బుద్ధిగా తలూపింది. గంజాయి తగలకూడదు. సరే.

మాత్రలు వేసుకుంటే నాలుక మొద్దుబారుతోందని ఉమాపతి చాటుగా ఉమ్మేసేవాడు. నిద్ర రాదు. కళ్ళు గుంటలు పడ్డాయి. "అమ్మా, ఒక్కసారి నిద్రపోతే చాలే, బాగయిపోతాను" అని పసివాడిలా ఏడ్చేవాడు. ఇరవై ఏళ్ళ కొడుకు అలా ఏడుస్తుంటే ఏ తల్లి చూస్తూ కూర్చుంటుంది? గౌరమ్మ దేవుడికి దీపం పెట్టింది. లేహ్యం జాడీ మూత తీసింది. అత్తగారికి నిద్రనిచ్చిన మందు, ఏడు నీళ్ళలో కడిగినది, పంచాక్షరితో నూరినది. శనగగింజంత తీసి సాయంకాలం పాలల్లో కలిపింది. మొగుడికి చెబితే, వయసులో ఉన్నవాడికి వద్దంటాడేమోనని చెప్పలేదు.

కుర్రాడు నిద్రపోయాడు. ఆమె ఉదయమే స్నానం చేసి గుడికి వెళ్ళి వచ్చింది. పది రోజులకి శనగగింజ చాలలేదు. ఉసిరికాయంత అయింది.

రెండు నెలల్లో ఉమాపతి జబ్బు ముదిరింది. గొంతులు వినిపిస్తున్నాయన్నాడు. అన్నిటికంటే ఒక మాట పట్టుకున్నాడు. "నాన్నా, పాలల్లో ఏదో కలుపుతన్నారు." రోజూ అదే మాట. బసవలింగం ఓపికగా నచ్చజెప్పేవాడు. గౌరమ్మ "అలా అనకు నాయనా" అనేది. డాక్టరుకి చెబితే, ఈ జబ్బులో అలాంటి అనుమానాలు మామూలేనని కాగితం మీద రాసుకుని మాత్రలు పెంచాడు.

ఒక ఉదయం ఎవరో ముసలాయనకి గ్రహణి విరేచనాలకి మందివ్వడానికి బసవలింగం జాడీ తీశాడు. అడుగు కనిపిస్తోంది. జాడీ తెచ్చి కొడుకు ముందు పెట్టాడు.

"కాల్చడం మానీసేనన్నావు. ఇది తినేస్తన్నావా?"

"నేను ముట్టుకోలేదు నాన్నా."

"మరి ఇంట్లో దెయ్యాలు తిన్నాయా? ఇప్పుడు అబద్ధాలు కూడా నేర్చీసేవా?"

"ముట్టుకోలేదు నాన్నా! నీ ఒట్టు, లింగం మీద ఒట్టు!"

బసవలింగం చెయ్యెత్తాడు. వెనకనుంచి గౌరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "వాడిని కొట్టకండి. నేనే పెట్టేను. పాలల్లో కలిపేను. నిద్ర పడతాదని... శుద్ధి చేసిందే కదండీ, మందే కదండీ."

ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. అది మందని చెప్పినవాడు ఆయనే.

ఉమాపతి మొహం మాత్రం వెలిగిపోయింది. అంత ఆనందం ఆ మొహంలో ఎన్ని నెలలయిందో చూసి. తండ్రి భుజం పట్టుకుని ఊపుతూ అన్నాడు. "చూసేవా నాన్నా? నేను చెప్పలేదేటి? కలుపుతన్నారని చెప్పలేదేటి? నాకు పిచ్చి లేదు నాన్నా!"



ఆ రోజు నుంచి అతడు తల్లి చేతి నీళ్ళయినా ముట్టలేదు. ఆమె అతని కళ్ళముందే వండేది, ముందు తాను తిని చూపించేది. అతడు మర్యాదగా "వద్దమ్మా" అనేవాడు. ఎప్పుడూ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమె నా పక్కన కూర్చుని ఏడ్చేది. అతడు ఒక కుంపటి తెచ్చుకుని, తన బియ్యం తనే కడుక్కుని వండుకునేవాడు. మాత్రలు మాత్రం తండ్రి కొత్త అట్ట చింపి ఇస్తే వేసుకున్నాడు. ఏడాదిన్నరకి గొంతులు తగ్గాయి. చదువు తిరిగి రాలేదు.

బసవలింగం మిగిలిన లేహ్యాన్ని గొయ్యి తీసి పాతేశాడు. లైసెన్సు కాగితం గోడమీంచి తీసేశాడు. నన్ను ఏడు బిందెల నీళ్ళతో కడిగాడు. నాకు లోపల నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నీళ్ళ మీద ఆయన నమ్మకం అప్పటికీ పోలేదు.

ఆ తర్వాత కార్తీకంలో వీధి చివర చేపలమ్మే కోటమ్మని ఆమె కూతురు నడిపించుకుని వచ్చింది. అదే అడ్డచుట్ట, అదే అంగిట్లో పుండు. "బాబూ, మీ అమ్మగారికి పెట్టిన మందు రవ్వంత ఇప్పించండి. మీ కాలికి దణ్ణమెడతాను" అంది కూతురు.

"ఆ మందు ఇప్పుడు చెయ్యడం లేదమ్మా" అని బసవలింగం లోపలికి వెళ్ళిపోయాడు.

గౌరమ్మ వెనకాలే వెళ్ళింది. "ఆవిడకి చెయ్యండి. నేను చేసిన పాపానికి ఆవిడ ఎందుకండీ ఏడవాలి? అత్తయ్యగారు ఎంత సుఖపడ్డారో మీరు చూడలేదా?"

"చూసేను. అంతా చూసేను. నా చేతులు రావే గౌరీ."

కోటమ్మ మూడు వారాలు అరిచింది. ఆ అరుపు మా అరుగు దాకా వినిపించేది. అది మొదలవగానే బసవలింగం తలుపు వేసుకుని స్తోత్రం పెద్దగా చదివేవాడు. ఆ ఆకు ఆ కుర్రాడి కొంప ముంచింది, నిజం. అదే ఆకు ఉంటే కోటమ్మ గంజి తాగి శాంతంగా పోయేది, అదీ నిజం. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది చూసి చెప్పాల్సిన మనిషి చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఆయనని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. కోటమ్మ అరుపూ మరపు రాదు. నన్ను పుట్టించిన దేవుడికే ఈ లెక్క తెలియాలి.

నాలుగేళ్ళకి బసవలింగం గుండె ఆగి పోయాడు. వైద్యం ఆయనతో ఆగింది. నన్ను మంచం కిందికి నెట్టారు. అక్కడ పదేళ్ళు ధూళిలో ఉన్నాను.

ఉమాపతికి ఇప్పుడు ముప్పై నాలుగు. లారీల బాడీలు కట్టే షెడ్డులో రంగులు వేస్తాడు. వెనక తలుపు మీద పూలూ చిలకలూ వేస్తాడట, చెయ్యి కొంచెం వణుకుతుందట, అయినా మేస్త్రీ పనిలో పెట్టుకున్నాడు. రోజూ మాత్ర వేసుకుంటాడు. గౌరమ్మ చూపు మందగించింది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు.

మొన్న ఒక ఆదివారం ఉదయం అతడు నన్ను బయటికి లాగాడు. పెరట్లో పెట్టి కొబ్బరిపీచుతో తోమాడు. నువ్వులు వేయించుకుని, ఎండుమిరపకాయలూ ఉప్పూ చింతపండూ వేసి నూరడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో వంటకి నన్ను వాడినవాళ్ళు లేరు. నువ్వుల నూనె నా కడుపుకి అంటుకుంటుంటే కొత్తగా ఉంది. గౌరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి, నూరుతున్న చప్పుడు వింటోంది. దగ్గరికి రాలేదు. వస్తే అతడు చెయ్యి ఆపేస్తాడని ఆమెకి తెలుసు.

అతడు నూరడం పూర్తిచేశాడు. వేడి అన్నంలో పొడి కలిపి ఒక ముద్ద తిన్నాడు. తర్వాత లేచి రెండో కంచంలో అన్నం పెట్టి, పొడి వేసి, నెయ్యి లేదని గుర్తొచ్చి కాస్త నూనె చుక్క వేసి కలిపాడు. కంచం తీసుకెళ్ళి తల్లి చేతిలో పెట్టాడు.

"తినమ్మా. నేనే నూరేను."

ఆమె గుమ్మంలోనే కూలబడి, కంచం ఒళ్ళో పెట్టుకుని తిన్నది. కారం ఎక్కువయింది, కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అందులో ఏం వేశావని ఆమె అడగలేదు.