శనివారం పరామర్శ

"నిర్మలా, ఏడు టీలు! అయ్యగారికి చక్కెర ఎయ్యొద్దు."

వసారాలోంచి భర్త నవీన్ కుమార్ కేక వేసేసరికి నిర్మల వంటింటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నీళ్ల బిందె దించేటప్పుడు పొట్ట కింద కుట్లు లాగాయి. లాగినట్టు తెలిసింది గానీ నొప్పి తెలియలేదు. ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆ చోటంతా మొద్దుబారిపోయింది. చేత్తో తాకితే ఎవరి చర్మాన్నో తాకినట్టుంటుంది. స్పర్శ మెల్లగా వస్తుందిలే అంది ప్రొద్దుటూరు డాక్టరమ్మ. గర్భసంచి తీసి పంపేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పింది, మూడు నెలలు బరువెత్తకూడదని, వంగి ఊడ్వకూడదని. నవీన్ కుమార్ అంతా విని బుద్ధిగా తలూపాడు. జమ్మలమడుగులో ఆటో దిగేసరికి ఆ తలూపడం కాస్తా అయిపోయింది.

మరి చేసేదెవరు? కూతురు కీర్తన పులివెందుల హాస్టల్లో ఉంది. ఇంట్లో అత్త నరసమ్మ ఉంది, ఉండి ఏం లాభం! "వీణ్ణి కన్న మూడోనాడే శెనక్కాయ పెరికేదానికి పోయినా నేను. ఈ కాలం ఆడోళ్లకు కోత పడితే సాలు, మంచమే" అంటుంది వక్కాకు నములుతూ. పోనీ, ఆమెను ఆ మూడోనాడు పొమ్మన్నదెవరో ఆమె ఎన్నడూ చెప్పలేదు, నిర్మలా అడగలేదు.

ప్రతి శనివారం సాయంత్రం చర్చి పాస్టరు అయ్యగారూ సంఘ పెద్దలూ వీళ్లింట్లోనే చేరతారు. వసారా పెద్దది, వీధి వెడల్పు, నిర్మల చేతి టీ అంటే అందరికీ ఇష్టం. టీ తాగి, ప్రార్థన చేసుకుని, జబ్బుపడినవాళ్ల ఇళ్లకూ విధవరాళ్ల ఇళ్లకూ పరామర్శకు బయలుదేరతారు. వాళ్లు తీసుకుపోయే బ్రెడ్డు, పండ్ల కవర్లు కట్టేది నిర్మలే. ఆ పని మంచిది కాదని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. పెళ్లై వచ్చిన నాటి నుంచీ వండేటప్పుడల్లా బీదల కోసం పిడికెడు బియ్యం పక్క డబ్బాలో వేస్తూనే ఉంది. జబ్బుపడినవాళ్లను చూడబోతే తనను చూడవచ్చినట్టేనని ప్రభువు చెప్పిన మాట ఆమె మనసారా నమ్మింది. దాని మీద సంఘ పెద్దగా నవీన్ కుమార్ ప్రసంగం చేస్తే చర్చిలో కళ్లు తుడుచుకోని వాళ్లుండరు. ఒకప్పుడు నిర్మలా తుడుచుకునేది.

పోయిన శనివారం వాళ్లు మొదట వెళ్లింది రెండిళ్ల అవతల పాలయ్య ఇంటికి. పాలయ్య భార్య వనజమ్మకూ అదే ఆపరేషన్. అదే ఆసుపత్రి, అదే రోజు, నిర్మల పక్క మంచం. వనజమ్మను చూసుకోవడానికి వీరపునాయునిపల్లె నుంచి వాళ్లమ్మ వచ్చింది. నిర్మలకు అమ్మ లేదు. గ్లాసులు కడిగి వచ్చి ఫోన్ చూస్తే సంఘం గ్రూపులో ఫొటో పడి ఉంది. మంచం మీద వనజమ్మ, ఆమె తల మీద అయ్యగారి చెయ్యి, పక్కన బ్రెడ్డు కవరు పట్టుకుని నవీన్ కుమార్. కవరుకు తాను వేసిన ముడిని నిర్మల గుర్తుపట్టింది. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. అందరితో పాటు తానూ ఒక దండం బొమ్మ పెట్టి పప్పు రుబ్బడానికి పోయింది.

మర్నాడు చొక్కా ఇస్తీ చేస్తూ, "నన్నెవరూ పరామర్శించలేదే?" అంది.

నవీన్ కుమార్ నవ్వాడు. "మనింటికి మనమే పోయి పరామర్శ చేసుకుంటే నవ్వుతారు మే! నీకేం తక్కువ? నేను లేనా?"

ఉన్నాడు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా పెద్దలు!

ఈ రోజు టీలు తెచ్చి అందరికీ ఇచ్చింది. పెద్దల్లో చిన్నవాడు కళ్యాణ్ "అల్లం బాగా పడింది అక్కా" అన్నాడు. తాగడం అయ్యాక అయ్యగారు లేచి కళ్లు మూసుకున్నాడు. అందరూ మూసుకున్నారు. "బలహీనులను ఆదుకో ప్రభువా, మంచం పట్టినవారిని ముట్టు" అని ప్రార్థన సాగింది. ప్రార్థన ముగిసేదాకా ఆగి గ్లాసులు తీద్దామని ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది నిర్మల. కళ్లు తెరిచి ఉన్నది ఆమె ఒక్కతే. ఏడుగురు మగవాళ్లు కళ్లు మూసుకుని ఆమె ఎదురుగానే రోగుల కోసం వేడుకుంటున్నారు. అత్త కూడా కళ్లు గట్టిగా మూసుకుని ఆమెన్, ఆమెన్ అంటోంది.

నిర్మల ట్రే కింద పెట్టింది. చెప్పులు వేసుకుంది. తాను కట్టి వరసగా పెట్టిన బ్రెడ్డు కవర్లలో ఒకటి తీసుకుని, వాళ్ల మధ్య నుంచే నడిచి వీధిలోకి వెళ్లిపోయింది. అయ్యగారి ప్రార్థనలు పొడుగు. ఎవరూ చూడలేదు.

"రాక్కా, రా. ఆ మొగం ఏంది అట్ల పీక్కపోయింది?" అంది గడపలో ఆమెను చూసి మంచం మీది నుంచే వనజమ్మ. వాళ్లమ్మ ఇంకో మంచం వాల్చి, దుప్పటి పరిచి, కారం లేని పప్పన్నం కలిపి గిన్నె చేతికిచ్చింది. ఒకరు కలిపిచ్చిన అన్నం తిని ఎంత కాలమైందో నిర్మలకు గుర్తు రాలేదు. తిని, పడుకుంది.

కాసేపటికి పెద్దలు వచ్చారు. అయ్యగారు రెండు మంచాలు చూసి గడపలోనే ఆగిపోయాడు. ఫొటో కోసం ఫోన్ ఎత్తిన కళ్యాణ్ దాన్ని జేబులో పెట్టుకున్నాడు. నవీన్ కుమార్ మొహం మాడిపోయింది.

"ఏంది మే ఇది? గ్లాసులన్నీ ఆడనే ఉండాయి. ఈడొచ్చి పండుకోనుండావేంది?"

"కూచోండి," అంది నిర్మల. "టీ మాత్రం అడగొద్దండి. ఈ ఇంట్లో ఇద్దరమూ రోగులమే."

వనజమ్మ దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు స్టూలు లాక్కుని కూర్చుని, మెల్లగా, "ఎట్లుందమ్మా నీకు?" అన్నాడు.

ఆ మాట ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. జవాబు కోసం పొట్ట మీద చెయ్యి వేసుకుంది. చెయ్యి కింద సలుపు. ఇన్నాళ్లకు ఆ చర్మం తనదనిపించింది.

"నొస్తాంది అయ్యగారూ," అంది. అనగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సరే సరే, లెయ్యి, ఇంటికి పోదాం పా," అన్నాడు నవీన్ కుమార్, కవరు ఎక్కడ పెట్టాలో తెలియక చేతులు మార్చుకుంటూ. "నేను సూసుకోనా?"

నిర్మల దుప్పటి మెడదాకా లాక్కుంది.

"కుట్లు మానేదాకా నేను ఈన్నే ఉంటా. మీరు శనివారం శనివారం పరామర్శకు రాండి."