నాడె ఎక్కిన బండి

గుణశేఖర్‌కు బండి పిచ్చి ఉందని తిరుత్తణి నేతవీధిలో తెలియనివాళ్ళు లేరు. కొనే పిచ్చి కాదు, చేసే పిచ్చి. తిరువళ్ళూరు దగ్గర ఒక కంపెనీలో లేతు మిషను మీద పని. అక్కడ చేతికొచ్చిన విద్యనంతా ఇంటికొచ్చి తన మోటారుసైకిలు మీద చూపించేవాడు. అద్దాల కాడలు ఒకప్పుడు ఇంట్లో దీపస్తంభాలు. హెడ్‌లైటు మీది టోపీ పులుసుగిన్నె మూత. అతను ఇత్తడి గరిటెకేసి రెండోసారి చూశాడంటే తల్లి అలిమేలమ్మ దాన్ని పట్టుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేసేది.

తిరువళ్ళూరులో ఇలాంటి బండ్లకు పోటీ పెడుతున్నారని తెలిసినప్పటినుంచి అతనికి కుదురు లేదు. ఇత్తడి అందరి బండ్లకూ ఉంటుంది. ఎవరి దగ్గరా లేనిది ఏదైనా కావాలి. అప్పుడు కన్ను మగ్గం మీద పడింది.

ఆ మగ్గం మీదే ఎండాకాలంలో అతని తండ్రి మునిరత్నం నేస్తూ నేస్తూ తల వాల్చేశాడు. కోడలు రంజిత కడుపుతో ఉందని తెలిసిన మరునాడే ఆయన ఎర్రచీర మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో శ్రీమంతం చీర మామగారే నెయ్యాలి. మొదలుపెట్టినవాడు మధ్యలో పోతే కొడుకు కూర్చుని ముగించాలి, అంతవరకూ మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు మీద కత్తెర పెట్టకూడదు. గుణశేఖర్‌కు నేత రాదు. నేర్చుకోమని తండ్రి అడిగి అడిగి విసిగిపోయాడు. సగం చీర మగ్గం మీదే ఉండిపోయింది.

అలిమేలమ్మ పొన్నేరిలో తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు గుణశేఖర్ కత్తెర పెట్టాడు. రంజిత వద్దంది. ఆమె మాట చెవిన పెట్టే మనిషైతే ఈ కథే లేదు. నేసిన గుడ్డను చుట్టి పెట్టెలో పెట్టాడు, మిగిలిన పడుగును మూలకు నెట్టాడు. తండ్రి కాళ్ళ కింద అరిగి నల్లగా మెరిసే తొక్కుడు కర్రలు బండికి ఫుట్‌రెస్టులయ్యాయి. నేసిన గుడ్డ చుట్టుకునే దోనె కర్రను కోసి హ్యాండిలు పిడులు చేశాడు. పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడెను మాత్రం ఏమీ చెయ్యబుద్ధి కాలేదు. లోపల ఎర్రదారం చుట్టిన కండె ఉండగానే పెట్రోలు ట్యాంకు మీద అమర్చి, పైన గాజులా గడ్డకట్టే రసాయనం పోశాడు. నిజం చెప్పాలంటే అందంగానే ఉంది.

పొన్నేరి నుంచి వచ్చిన అలిమేలమ్మ మగ్గం కింద నేసేవాళ్ళు కాళ్ళు దించే గుంట ఖాళీగా ఉండడం చూసింది. కొడుకును తిట్టలేదు. పడుగు తెంపినావా అని ఒక్కమాట అడిగి, మూలనున్న చిక్కుల పడుగును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మొదటిరోజే కనకమ్మ సత్రం దాటాక గుణశేఖర్ చెవిని ఒక చప్పుడు పట్టుకుంది. ఇంజను చప్పుడు కింద ఇంకొకటి. టక్కు, ఆగి, టక్కు. బోల్టు వదులైందేమోనని టీకొట్టు దగ్గర ఆపి అన్నీ బిగించాడు. మళ్ళీ ఎక్కాడు. ఈసారి కాళ్ళ సంగతి తెలిసింది. ఎడమకాలు ఫుట్‌రెస్టును నొక్కుతోంది, తర్వాత కుడికాలు, మళ్ళీ ఎడమకాలు. అతను నొక్కడం లేదు. ఎవరితో అన్నా నవ్వుతారని ఊరుకున్నాడు.

రోజూ అదే దారి, తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు, తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి. కొన్నాళ్ళకు కండె సన్నబడింది. గాజులాంటి పూత కింద, గాలి కూడా దూరని చోట, దారం తరిగిపోతోంది. గుణశేఖర్ పూత మీద వేలు పెట్టి పగులు కోసం వెతికాడు. ఎక్కడా లేదు.

ఆదివారం రంజిత పొద్దున్నుంచీ పడుకునే ఉంది. బిడ్డ కదలడం లేదంది. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆటో పిలుచుకొద్దామని గుణశేఖర్ బండి తీసి వీధి చివరికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, మొహంలో రక్తం లేదు.

"బావా, నువ్వు బండెక్కినాక కదిలింది. నువ్వు దిగినాక ఆగిపోయింది. పోయిన ఆదివారమూ ఇంతే. నాకు బయమేసి చెప్పలేదు."

డాక్టరమ్మ గుండె కొట్టుకుంటోందనీ కానీ నెమ్మదిగా ఉందనీ చెప్పి, కదలికలు గమనించుకోమంది. గమనించుకున్నారు. అతను ఫోను చేసి బయలుదేరుతున్నానంటే లోపల బిడ్డ మొదలుపెట్టేది. టక్కు, ఆగి, టక్కు. బండి ఆపితే బొడ్డు దగ్గర ఎవరో దారం పట్టుకుని వదిలేసినట్టు ఉంటుందని రంజిత చెప్పింది. గుణశేఖర్ పనికి సెలవు పెట్టాడు. పోటీ సంగతి మరిచిపోయాడు. ఆ రోడ్డు మీదే ఈ కొసకూ ఆ కొసకూ తిరిగాడు, బిడ్డ కదలాలని తిరిగాడు. ప్రాణం పోతున్నంత భయం. కండెలో ఇక నాలుగు చుట్లు ఉంటే ఎక్కువ.

ఒక మధ్యాహ్నం అలిమేలమ్మ పెట్టె తెరిచి కొడుకును పిలిచింది. సగంలో తెంపిన చీర సగంలో లేదు. పైటకొంగు దాకా వచ్చేసింది. పాత నేత చల్లగా ఉంది. కొత్తగా పెరిగిన మేర వెచ్చగా ఉంది, పసిబిడ్డ ఒళ్ళులాగా.

"మీ నాయన నేస్తాండాడు," అంది ఆమె. "పేక నాడెలో ఉండాది. పడుగు నువ్వు తెంపేస్తివి. పడుగు లేకుండా ఆయన మాత్రం ఎట్ల నేస్తాడు? దొరికిన చోటినుంచి, ఆ బిడ్డకాడినుంచే లాక్కుంటాండాడు. తీసినవన్నీ యాడివి ఆడ పెట్టు."

గుణశేఖర్ సుత్తి పెట్టి ట్యాంకు మీది పూత పగలగొట్టి నాడె తీశాడు. ఫుట్‌రెస్టులు ఊడదీశాడు. కోసేసిన దోనెకు బదులు చిన్నాన్న ఇంటి అటక మీదినుంచి పాతది తెచ్చాడు. తల్లీ కొడుకులు ఎదురెదురుగా కూర్చుని, చీర అంచున తెగిన పోగుకు పడుగులో తెగిన పోగు అతికారు. వేళ్ళకు బూడిద రాసుకుని మెలిపెట్టడం అలిమేలమ్మ చూపించింది. లేతు మిషను మీద వెంట్రుకవాసి తేడా రానివ్వని చేతులు అక్కడ పోగులను జార్చుకుని మళ్ళీ మళ్ళీ వెతుక్కున్నాయి. అంతసేపూ రంజిత పక్కనే చాప మీద పడుకుని ఉంది. కడుపులో కదలిక లేదు.

గుణశేఖర్ గుంటలోకి కాళ్ళు దించాడు. తల్లి చెప్పినట్టు తొక్కాడు, నాడె విసిరాడు, తప్పాడు, మళ్ళీ విసిరాడు. నాలుగోసారికో అయిదోసారికో తప్పడం మానేశాడు. రంజిత కడుపు మీద చెయ్యి వేసుకుని తల ఊపింది. చివరి పేక పడేటప్పటికి కండె మీద దారం లేదు.

చీర కొయ్యాలి. గుణశేఖర్ కత్తెర ముట్టుకోనన్నాడు. రంజిత లేచి కూర్చుని తానే తీసుకుని, కళ్ళు మూసుకుని కోసేసింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత బిడ్డ తన్నింది. మగ్గం లెక్కతో పనిలేకుండా, తనకు తోచినప్పుడు ఒకటి, ఊరుకుని ఊరుకుని పక్కటెముకల కింద గట్టిగా ఇంకొకటి. రంజిత ఏడుస్తూ నవ్వింది.

మగ్గం చప్పుడు మాత్రం ఆగలేదు.

"చాలు బావా, దిగిపో."

"నేను తొక్కడం లే," అన్నాడు గుణశేఖర్. గుంట అంచు పట్టుకుని లేవబోయాడు, కాళ్ళు రాలేదు. అవి ఎడమా కుడీ తొక్కుతూనే ఉన్నాయి, అతనికి ఎన్నడూ రాని ఒడుపుతో.

రంజిత చీరను భుజం మీద వేసుకుని గుంట దగ్గర కూర్చుంది. "మామా, చీర బాగుండాది. శ్రీమంతానికి ఇదే కట్టుకుంటా. బిడ్డకు నాయన కావల్ల. ఆయన్ని ఇడిసిపెట్టండి."

కాళ్ళు నిలిచిపోయాయి. గుణశేఖర్ పైకి పాక్కుంటూ వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గుంట మూసేద్దాం, ఇప్పుడే పలకలు వేసేద్దాం అన్నాడు.

అలిమేలమ్మ వినిపించుకోలేదు. ఖాళీ అయిన మగ్గం చుట్టూ ఒకసారి తిరిగి, కొడుకు లేచిన చోట మెల్లగా కూర్చుని, తన కాళ్ళు గుంటలోకి దించింది.

"రేపు ఇంకో పడుగు తెచ్చి ఎక్కించు," అంది. "మీ నాయన్ని యాడికీ పంపొద్దు."